కార్ల ఊరి నుంచి కార్లు లేని దీవికి

మా జిండెల్ఫింగెన్‌లో ఎవరింట్లో పొయ్యి వెలిగినా దాని వెనక ఎక్కడో ఒక కారు ఉంటుంది. డైమ్లర్ కంపెనీ 1915లో ఇక్కడ పెట్టిన ఫ్యాక్టరీ ఇప్పటి మెర్సిడెస్ ప్లాంటు. పన్నుల రూపంలో ఊరికి డబ్బు వరదలా వచ్చిన రోజుల్లో, 1977లో, రోడ్డు దాటే జీబ్రా చారలకి ఇటలీ నుంచి కరారా పాలరాయి తెప్పించి పరిచారు. ఆ మాటెత్తి జర్మన్లు మమ్మల్ని ఇప్పటికీ ఆటపట్టిస్తుంటారు. అలాంటి ఊళ్లో కార్ల వైరింగ్ డ్రాయింగులు గీసుకుని బతికే నేను, కార్లు తిరగడమే నిషిద్ధమైన దీవిలో ఓ వారం ఉండి వచ్చాను. అదీ జీతంలో కోత పడకుండా.

ఈ చివరి మాట మనవాళ్లు చాలామంది నమ్మరు. మా రాష్ట్రం బాడెన్-వుర్టెంబర్గ్‌లో 2015 జులై నుంచి ఒక చట్టం ఉంది. ఉద్యోగంలో చేరి ఏడాది నిండినవాళ్లు ఏటా 5 పనిదినాలు చదువు కోసం సెలవు అడగొచ్చు. ఆ చదువు ఉద్యోగానికి పనికొచ్చేదే కానక్కర్లేదు, పౌరుడిగా తెలుసుకోవలసినదైనా సరే. కోర్సు నడిపే సంస్థకు ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. జీతం కంపెనీ ఇస్తుంది. ఫీజు, బస, దారిఖర్చులు మనవి. అందుకే ఇక్కడ సముద్రమూ ప్రకృతీ చెప్పే దీవి కోర్సులకి గిరాకీ ఎక్కువ. మనవాళ్లు మాత్రం మేనేజరు ఏమనుకుంటాడోనని నోరు మెదపరు. అడిగితే తప్పేమిటి? ఆయనా వెళ్తాడు.

నేను ఎంచుకున్నది యూస్ట్. జర్మనీ వాయవ్య కొసన, ఉత్తర సముద్రంలో ఉంది. పొడవు 17 కిలోమీటర్లు, వెడల్పు కొన్నిచోట్ల అర కిలోమీటరే. రైలు నార్డైక్‌లో సరిగ్గా రేవు గట్టు మీదే ఆగుతుంది. అక్కడి నుంచి పడవ. ఆ పడవకి టైమిచ్చేది రైల్వే కాదు, సముద్రం. పోటు మీదుంటేనే నీళ్లు చాలతాయి, పాటులో అడుగు బురదకి తగులుతుంది. అందుకే ఇవాళ పొద్దున బయలుదేరిన పడవ వారం తిరిగేసరికి మధ్యాహ్నం బయలుదేరుతుంది. గోదావరి మొగల దగ్గర పెరిగినవాణ్ణి కాబట్టి నాకిది వింత కాలేదు. నిమిషం ఆలస్యమైతే రైలును తిట్టే నా జర్మన్ సహచరులు మాత్రం కిక్కురుమనకుండా బల్లల మీద కూర్చున్నారు.

దిగగానే రేవులో చేతిబండ్లు వరసగా నిలబెట్టి ఉంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో బస పేరు. మన పెట్టె మనమే తోసుకుపోవాలి. కిరాణా సరుకు, సిమెంటు, బీరు పీపాలు, ఆఖరికి చెత్త కూడా గుర్రబ్బండి మీదే. మోటారు వాడగలిగేది అంబులెన్సు, ఫైరింజను, డాక్టరు లాంటి వాళ్లే. వీధుల్లో గుర్రపు పేడ వాసన వస్తుంది. బ్రోషర్లో వేసిన ఫొటోకి ఆ వాసన ఉండదు. 2030 నాటికి క్లైమేట్ న్యూట్రల్ కావాలని దీవి లక్ష్యం పెట్టుకుంది. కానీ తూర్పు వైపున చిన్న విమానాలు దిగే మైదానమూ ఉంది, అవి దిగుతూనే ఉంటాయి. ఈ సంగతి కోర్సులో మొదటిరోజే ఎవరో ఎత్తారు. టీచరు నవ్వి బోర్డు మీద రాసుకున్నాడు, జవాబు చెప్పలేదు.

ఇలాంటి చోటికి వెళ్లవలసిన కారణం ప్రశాంతత అని నేననుకోను. ప్రశాంతత మా ఊరి చెరువు గట్టు మీదా దొరుకుతుంది. చిన్న దీవిలో జమాఖర్చులు కంటికి కనిపిస్తాయి. నీళ్లెక్కడివి, చెత్త ఎటు పోతోంది, ఒక మనిషి అదనంగా వస్తే ఏమవుతుంది అనేవి ఊళ్లో ఉన్నంతకాలం కుళాయిల్లోనూ లారీల్లోనూ దాక్కుంటాయి.

నీళ్ల సంగతే తీసుకోండి. చుట్టూ ఉప్పు సముద్రం, అయినా యూస్ట్ వాళ్లు తాగేది దీవి కింది నీళ్లే. ఇసుక దిబ్బల మీద పడ్డ వాన లోపలికి ఇంకి, ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. సముద్రపు నీరు మంచినీటి కంటే నలభయ్యో వంతు బరువెక్కువ. ఆ లెక్కన సముద్ర మట్టానికి పైన 1 మీటరు మంచినీరు నిలబడితే, మట్టానికి కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు ఉండగలదు. ఈ సూత్రాన్ని 1901లో ప్రచురించిన ఇంజినీరు హెర్జ్‌బెర్గ్ దాన్ని గమనించింది పక్క దీవి నార్డర్నైలోనే. అంతకు కొన్నేళ్ల ముందే డచ్ సైనిక ఇంజినీరు బాడన్ గైబెన్ ఇదే చెప్పాడు గనక సూత్రానికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. లెక్కను తిరగేస్తే గుండె జారుతుంది. మోటారు పెట్టి పై మట్టం 1 మీటరు దించామా, నిలకడ మీద కింది నుంచి ఉప్పు 40 మీటర్లు పైకి ఎగబాకుతుంది. పదిహేను వందల జనాభా ఉన్న దీవికి వేసవిలో వేలమంది స్నానాలకీ బట్టలకీ వస్తే వాటర్‌వర్క్స్ వాళ్లకి నిద్ర ఎలా పడుతుందో!

వింటుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అంతర్వేది వైపు, సముద్రం హోరు వినిపించేంత దగ్గర్లో, ఇసుకలో చెలమ తవ్వి కొబ్బరి చిప్పతో తియ్యటి నీళ్లు తోడేది. సూత్రం ఆవిడకి తెలియదు, లోతుగా తవ్వకూడదని తెలుసు. తర్వాత చుట్టూ రొయ్యల చెరువులొచ్చాయి, బోర్లొచ్చాయి. నేను ఇంజినీరింగులో చేరేనాటికి ఇంటికి నీళ్లు టిన్నుల్లో వస్తున్నాయి.

యూస్ట్‌లో దిబ్బల మీద కాలు పెట్టనివ్వరు. కంచె లోపల ఒక మొండి గడ్డి పెంచుతారు, మన తీరంలో రావణాసురుడి మీసాలు ఇసుకను పట్టి ఉంచినట్టే. 1651లో వచ్చిన ఉప్పెన ఈ దీవిని రెండు ముక్కలు చేసింది. ఆ గండి మిగిల్చిన చోట ఇప్పుడు మంచినీటి మడుగు ఉంది. అది చూశాక గడ్డి మీద నడవొద్దన్న బోర్డును ఎవరూ విసుక్కోరు.

పాటు సమయంలో బురదలోకి తీసుకెళ్లారు. గైడు లేకుండా వెళ్తే పోటు వెనక నుంచి చుట్టేస్తుంది. పైన గోధుమరంగు, పారతో ఒక పెళ్ల తీస్తే కింద కటిక నలుపు, గాలి అందక కుళ్లిన గుడ్డు వాసన. అడుగడుక్కీ జంతికలు పిండినట్టు ఇసుక చుట్టలు. ఒక రకం పురుగు కింద ఇసుక మింగి, అందులో తినేది తిని, మిగతాది పైకి విసర్జిస్తుంది. ఒక్కో పురుగు ఏడాదికి 25 కిలోల దాకా ఇసుకను ఇలా కడుపులోంచి పంపుతుందట. ఈ పురుగులూ గుల్లలూ ఉన్నాయనే ఏటా కోటికి పైగా వలస పక్షులు ఈ వాడెన్ తీరంలో ఆగుతాయి. సైబీరియా నుంచి పశ్చిమ ఆఫ్రికా పోయే నాట్ పిట్ట ఇక్కడ మేసి దాదాపు రెండింతల బరువై మళ్లీ ఎగురుతుంది. జర్మనీ, డెన్మార్క్, నెదర్లాండ్స్ మూడు దేశాలకూ పరుచుకున్న తీరమిది. యూస్ట్ ఉన్న భాగం 1986 నుంచి నేషనల్ పార్కు, 2009లో యునెస్కో జాబితాకెక్కింది. సాయంత్రం అమ్మకి వీడియో కాల్లో మోకాళ్ల దాకా ఉన్న బురద చూపిస్తే, "ఏరా, జీతమిచ్చి మరీ బురద తొక్కిస్తున్నారా మీవాళ్లు?" అంది.

క్లాసులో గొడవ పడ్డది గాలి కరెంటు మీద. సముద్రంలో మరలు పెడితే ఆ కరెంటు దక్షిణాన మా ఫ్యాక్టరీల దాకా రావాలి. కేబుళ్లు ఈ బురద మేటల్లోంచే, నార్డర్నై దీవి కింద నుంచే పోతున్నాయి. బొగ్గు మానాలంటే పురుగు ఇల్లు తవ్వాలి. రెండు పక్కలా పచ్చజెండాలే. హ్యాంబర్గ్ నుంచి వచ్చిన నర్సూ, నేనూ చెరో పక్క కూర్చుని భోజనాల దాకా వాదించుకున్నాం. మాల్దీవులకి విమానమెక్కి వెళ్లి వెదురు స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగే ఎకో రిట్రీట్లలో ఈ వాదన జరగదు, నాకు వాటి మీద నమ్మకం లేనిది అందుకే.

మన దగ్గర ఇలాంటిది పెట్టాలంటే చోటు వెతకనక్కర్లేదు. కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి ఒండ్రుతో గత రెండు శతాబ్దాల్లో పెరిగిన ఇసుక తిన్నె, పొడవు 16 కిలోమీటర్ల మేర, అంటే దాదాపు యూస్ట్ అంత. నగరాన్ని అలల నుంచి కాసేది అదే. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేదీ అక్కడే, పక్కనే 1978 నుంచి అభయారణ్యమైన కోరింగ మడ అడవి. గదులు కట్టొద్దు, బస కాకినాడలోనే. పొద్దున పడవలో పోయి, తాబేళ్ల సంగతి అటవీశాఖ వాళ్ల దగ్గర, నీళ్ల సంగతి జాలర్ల దగ్గర నేర్చుకుని, చీకటి పడేలోపు తిరిగొస్తే చాలు.

జర్మనీలో ఉన్నవాళ్లు వెళ్లదలిస్తే జులై, ఆగస్టు వద్దు: బసలు నిండుతాయి, దీవి నీళ్లకీ అదే కష్టకాలం. అక్టోబరులో వెళ్లండి, ఆ తీరమంతా 2009 నుంచి ఏటా వలస పక్షుల పండగ జరుపుతోంది. సెలవు దరఖాస్తు మాత్రం రెండు నెలల పైచిలుకు ముందే ఇవ్వాలి. గాలి కోటు మర్చిపోవద్దు, గొడుగు పనికిరాదు.