కదిలిందల్లా దొంగ కాదు

ఇంటి కెమెరా పదేపదే ఫోను మోగిస్తుంటే చాలామంది చేసే మొదటి పని యాప్ తెరిచి సెన్సిటివిటీ తగ్గించడం. రెండు రోజులు ప్రాణానికి హాయిగా ఉంటుంది. తర్వాత చీకట్లో ఎవరో గేటు తీసుకుని లోపలికి వచ్చినా ఫోను పలకదు. మళ్లీ పెంచుతారు, మళ్లీ పిల్లికీ కొమ్మకీ మోగుతుంది. విసిగిపోయి హెచ్చరికలనే ఆపేస్తారు. కెమెరా గోడమీద ఉంటుంది గానీ దాని మాట వినేవాళ్లుండరు. నిజానికి ఇక్కడ కెమెరా తప్పు చెప్పలేదు. ఏదైనా కదిలిందా అని మనం అడిగాం, కదిలిందని అది చెప్పింది. మనకు కావలసింది వాకిట్లోకి మనిషి వచ్చాడా లేదా అన్న సంగతి. అడిగే ప్రశ్నను మార్చకుండా జవాబు గొంతు నొక్కితే అసలు సమాచారమే ముందు పోతుంది. ఆ ప్రశ్నను మార్చడం యాప్‌లో కాదు, కెమెరాను ఏ గోడకు, ఎటు చూసేలా బిగించామన్న దగ్గర మొదలవుతుందన్నది నా వాదన.

దీనికి ఉత్తర చెన్నైలోని ఎన్నూరును మించిన ఉదాహరణ దొరకడం కష్టం. తూర్పున బంగాళాఖాతం, ఉత్తరాన కొసస్తలయ్యారు సముద్రంలో కలిసే క్రీక్, ఆ దాపునే థర్మల్ విద్యుత్ కేంద్రాలు, ఇప్పుడు కామరాజర్ పోర్టుగా పిలుస్తున్న ఎన్నూరు ఓడరేవు, రాత్రంతా తిరిగే కంటైనర్ లారీలు. ఉప్పుగాలి, బూడిద, హెడ్‌లైట్లు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, అప్పుడప్పుడూ తుపాను. కెమెరాను తికమక పెట్టేవన్నీ ఒక్కచోటే ఉన్నాయి. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డ ఉత్తర చెన్నై వీధుల్లో కెమెరాలు బాగా పెరిగాయి. 2017లో పోలీసు కమిషనరుగా వచ్చిన ఎ.కె. విశ్వనాథన్ హయాంలో చెన్నైలో ‘మూడో కన్ను’ పేరుతో వీధివీధినా కెమెరాలు పెట్టించే ప్రచారం జరిగింది. హైదరాబాదులో ‘నేను సైతం’ పేరుతో పోలీసులు చేసిందీ అలాంటిదే. కెమెరాలు పెట్టించడంమీద చూపిన శ్రద్ధ, అవి పంపే హెచ్చరికలను పనికొచ్చేలా దిద్దడంమీద ఎక్కడా కనిపించదు.

మామూలు కెమెరా కదలికను పట్టే పద్ధతి తెలిస్తే చిక్కు ఎక్కడుందో బోధపడుతుంది. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా తీసే ఒక్కో బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. ఇప్పటి బొమ్మను అంతకుముందటి బొమ్మతో పోల్చి, ఎన్ని చుక్కల వెలుగు మారిందో కెమెరా లెక్కవేస్తుంది. మార్పు ఒక హద్దు దాటితే ఫోను మోగుతుంది. ఈ లెక్కకు మనిషీ, దండెంమీద ఆరేసిన చీరా ఒక్కటే. లారీ దీపం ఎదురుగోడమీద పాకితే వేల చుక్కలు ఒక్కసారిగా తెల్లబడతాయి. కెమెరాను సన్నటి ఇనప గొట్టానికి బిగిస్తే బరువు లారీ పోయినప్పుడల్లా గొట్టం వణుకుతుంది, బొమ్మలోని అంచులన్నీ జరుగుతాయి. పొద్దు గూకే వేళకు కెమెరా రంగుల్లోంచి నలుపు తెలుపులోకి మారుతుంది, అప్పుడు బొమ్మంతా మారిపోతుంది. రోజూ దాదాపు ఒకే వేళకు ఒక హెచ్చరిక వస్తుంటే కారణం చాలావరకు ఇదే.

సెన్సిటివిటీ తగ్గించడం ఎందుకు పొరపాటో ఇప్పుడు చూడండి. దాన్ని తగ్గించడమంటే చిన్న మార్పులను పట్టించుకోవద్దని చెప్పడం. హెడ్‌లైటు తెచ్చే మార్పు చిన్నది కాదు, చాలా పెద్దది. చీకట్లో ముదురు రంగు చొక్కా వేసుకుని గోడవారగా నడిచే మనిషి తెచ్చే మార్పు చాలా చిన్నది. అంటే సెన్సిటివిటీ తగ్గించినకొద్దీ ముందుగా కెమెరా చూపులోంచి తప్పుకునేది ఆ మనిషే. లారీ వెలుగు అన్నిటికన్నా చివర పోతుంది. మనం ఎవరికోసం కెమెరా పెట్టామో వాళ్లనే ముందు వదిలేస్తున్నామన్నమాట.

రాత్రి సంగతి ఇంకాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎక్కువ గొడవ అప్పుడే. చీకట్లో చూడడానికి కెమెరా తన కంటి చుట్టూ ఉన్న చిన్న దీపాలతో పరారుణ కాంతిని చిమ్ముతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ వెలుగు దూరపు వర్గానికి తగ్గట్టు పలచబడుతుంది. అయిదు మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషిమీద పడే వెలుగు కంటే, పది సెంటీమీటర్ల దగ్గర ఎగిరే పురుగుమీద పడేది దాదాపు 2500 రెట్లు ఎక్కువ. అందుకే గోరంత రెక్కల పురుగు తెరమీద తెల్లటి ముద్దలా దూసుకుపోతుంది. సాలీడు కంటిముందే గూడు కడితే గాలికి ఆ పోగు ఊగుతూ రాత్రంతా హెచ్చరికలే. వాన చినుకులూ అంతే. ఎన్నూరులో దీనికి ఉప్పు, బూడిద తోడవుతాయి. అద్దంమీద పేరుకున్న పొర పక్కనే వెలిగే పరారుణ కాంతికి తెల్లగా మెరిసి బొమ్మనంతా మసకబారుస్తుంది. కెమెరా సొంత దీపాలు ఆపి, కొంచెం ఎడంగా మరో దీపం పెట్టడమే దీనికి మంచి విరుగుడు. పరారుణ దీపం విడిగా దొరుకుతుంది. లేదంటే వాకిట్లో పసుపు రంగు ఎల్ఈడీ బల్బు వెలిగించినా చాలు, తెల్ల దీపాలంతగా పురుగులు దాని దగ్గర మూగవు. అద్దాన్ని పొడిగుడ్డతో రుద్దకండి, బూడిద గీతలు పెడుతుంది. ముందు నీళ్లతో కడిగి ఆ తర్వాత మెత్తటి గుడ్డతో అద్దాలి.

వేడిని పసిగట్టే పిఐఆర్ సెన్సరు ఉన్న కెమెరాలు కొమ్మలకూ నీడలకూ అంతగా మోసపోవు. కానీ అవి కనిపెట్టేది మనిషి ఒంటి వేడికీ వెనక ఉన్న గోడ వేడికీ మధ్య తేడాను. చెన్నైలో మే నెల ఎండకు కాగిన గోడ ఒంటి వేడిని అందుకున్నాక ఆ తేడా సన్నగిల్లుతుంది, మనిషి వచ్చినా సెన్సరు మిన్నకుండవచ్చు. పైగా ఎదురుగా నడిచి వచ్చే మనిషికంటే అడ్డంగా దాటే మనిషినే అది బాగా పడుతుంది. కాబట్టి దాన్ని గేటుకు సూటిగా ఎదురుగా పెట్టకుండా, గేటు నుంచి తలుపు దాకా వచ్చే దారి కెమెరాకు అడ్డంగా పడేలా పక్కగోడకు పెట్టాలి.

అందుకే చోటు ముందు అంటున్నాను. సన్‌షేడ్ కింద, రెండున్నర మూడు మీటర్ల ఎత్తున, గొట్టానికి కాకుండా గట్టి గోడకు బిగించి కిందికి వంచితే ఆకాశం, వీధి, లారీలు చాలావరకు చూపులోంచి తప్పుకుంటాయి. తూర్పు ముఖంగా పెడితే సముద్రంమీద పొద్దుపొడుపు నేరుగా కంట్లో కొడుతుంది. దండెం జరపగలిగితే జరపండి, అడ్డొచ్చే మునగకొమ్మ ఉంటే కొట్టేయండి. ఆ తర్వాత యాప్‌లో గేటు లోపలి నేల మేరకే హెచ్చరిక జోన్ గీయాలి. ఇరుకు సందుల్లో దీనికి ఇంకో న్యాయం ఉంది. ఎదురింటి గడప మన కెమెరాలో పడకూడదు. పొరుగువాళ్ల రాకపోకలు మనకు హెచ్చరికలుగా రావడం వాళ్లకూ మంచిది కాదు, మనకూ అక్కర్లేదు.

జోన్ అంత చిన్నదిగా గీస్తే అసలు దొంగను వదిలేస్తాం కదా అని అడుగుతారు. న్యాయమైన భయమే. రికార్డు చేయడం వేరు, పిలవడం వేరు. మెమరీ కార్డు నిండేదాకా కెమెరా చూపులో పడేదంతా రికార్డవనివ్వండి, అవసరమైనప్పుడు వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. మనిషిని నిద్రలేపే పిలుపు మాత్రం కొద్దిగానే ఉండాలి. పిలుపులు ఎక్కువైతే ఏమవుతుందో ఆసుపత్రులు చూశాయి. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013 ఏప్రిల్‌లో ఒక హెచ్చరిక వెలువరించింది. రోగి మంచం పక్కన మోగే అలారాల్లో 85 నుంచి 99 శాతం దాకా వైద్యుల జోక్యమే అక్కర్లేనివన్న అంచనాను అందులో పేర్కొంది. 2009 జనవరి నుంచి 2012 జూన్ దాకా తన దృష్టికి వచ్చిన 98 అలారం సంబంధిత ఘటనల్లో 80 మరణాలున్నాయనీ చెప్పింది. ఆ అలారాలను వినాల్సినవాళ్లు శిక్షణ పొందిన నర్సులు. పగలంతా పనిచేసి వచ్చి పడుకున్న గృహస్థు అంతకన్నా మెలకువగా ఉంటాడని ఎలా అనుకుంటాం? అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసులైతే 2000 డిసెంబరు నుంచి దొంగ అలారం మోగినంత మాత్రాన రావడం మానేశారు. ఎవరైనా కంటితో చూసి నిర్ధారించాలన్నారు.

ఎన్నూరు విషయంలో ఈ మాటకు బరువెక్కువ. 2023 డిసెంబరు 26 అర్ధరాత్రి వేళ, మిచౌంగ్ తుపాను వెళ్లిన కొద్ది వారాలకే, పెరియకుప్పం దగ్గర ఎరువుల కర్మాగారపు సముద్రగర్భ పైపులోంచి అమోనియా లీకైంది. ఘాటుకు ఉక్కిరిబిక్కిరై జనం ఇళ్లు వదిలి పరుగెత్తారు, పదులమంది ఆసుపత్రుల పాలయ్యారు. అలాంటి ఊళ్లో రాత్రిపూట ఫోను దొంగకోసమే కాదు, పక్కవీధి చుట్టం చేసే ఫోనుకోసం, తుపాను సందేశంకోసం కూడా మోగాలి. పిల్లి దాటినప్పుడల్లా మోగుతోందని ఫోనును సైలెంట్‌లో పెట్టి పడుకునే ఇల్లు వాటన్నిటికీ చెవులు మూసుకున్నట్టే.

ఇప్పుడు మనిషిని గుర్తుపట్టే ఏఐ కెమెరాలు వచ్చాయి కదా, ఇంత తంటా ఎందుకు అన్నది మరో మాట. వాటివల్ల మేలుంది, కాదనను. కొమ్మనూ వెలుగునూ అవి బాగానే వడకడతాయి. కానీ అవి కూడా బొమ్మను చూసే తేలుస్తాయి. అద్దంమీద బూడిద పొర, కంటిముందు సాలెగూడు, తెరమీద వేలెడంత కూడా లేని దూరపు మనిషి ఉంటే అవీ తడబడతాయి. గొడుగు కింద నడిచేవాడు, రెయిన్‌కోటు కప్పుకున్నవాడు, వంగి పాకేవాడు వాటికి మనిషిగా తోచకపోవచ్చు. మంచి చోట బిగించిన చవక కెమెరా, చెడ్డచోట బిగించిన ఖరీదైన కెమెరాకంటే నమ్మదగినదని నా నిశ్చితాభిప్రాయం.

ఒక వారంపాటు వచ్చిన హెచ్చరికలన్నీ తెరిచి, ఏది దేనివల్ల వచ్చిందో కాగితంమీద రాయండి. అన్నిటికన్నా ఎక్కువ రప్పించిన కారణాన్ని ముందు సరిచేయండి, ఒకసారికి ఒక్క మార్పే చేయండి. తర్వాత చీకటి పడ్డాక ఇంట్లోవాళ్లలో ఒకరిని గేటు నుంచి తలుపుదాకా నడవమనండి. ముదురు బట్టలతో ఒకసారి, గొడుగుతో ఒకసారి, గోడవారగా వంగి ఒకసారి. మూడుసార్లూ ఫోను మోగితేనే ఆ అమరిక పనికొచ్చినట్టు. ఎండాకాలానికీ వానాకాలానికీ ముందు ఈ పరీక్ష మళ్లీ చేయాలి. కెమెరాలు బిగించేవాళ్లు పట్టపగలు వచ్చి, తెరమీద బొమ్మ చూపించి, డబ్బు తీసుకుని వెళ్లిపోతారు. కెమెరా అసలు పని రాత్రిది. పూర్తి డబ్బు చేతిలో పెట్టకముందే, చీకటి పడ్డాక ఒకసారి వచ్చి చూసి సరిచేయమని వాళ్లను గట్టిగా అడగండి.