కళ్లు పచ్చబడే దాకా ఆగొద్దు: పారిశుధ్య కార్మికులు, హెపటైటిస్ బి

ఆసుపత్రి వార్డులు ఊడ్చేవాళ్లు, వాడేసిన సిరంజిలు, రక్తం అంటిన దూది ఎత్తిపోసేవాళ్లు ఎక్కువమంది దళితులే. ఆ పనితో పాటు పొంచి ఉండే జబ్బు హెపటైటిస్ బి. దీని గురించి మన సంఘాల్లో మాట్లాడుకునేది తక్కువ.

ఇది కాలేయాన్ని దెబ్బతీసే వైరస్. రక్తం ద్వారా, వాడిన సూదులు గుచ్చుకోవడం వల్ల, రక్షణ లేని లైంగిక సంబంధం వల్ల, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. సోకాక లక్షణాలు కనిపించడానికి 30 నుంచి 180 రోజులు పడుతుంది. అందుకే ఎప్పుడో గుచ్చుకున్న సూదికీ ఇవాళ్టి నీరసానికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

విపరీతమైన నీరసం, ఆకలి లేకపోవడం, వికారం, వాంతులు, కీళ్ల నొప్పులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదటి గుర్తులు. తర్వాత మూత్రం ముదురు రంగులోకి మారుతుంది, మలం పాలిపోతుంది, కళ్లు పచ్చబడతాయి. రోజంతా చాకిరీ చేసే మనిషి నీరసాన్ని పనిభారం ఖాతాలో వేసేస్తారు. కళ్లు పచ్చబడితే పసరు తాగుతారు. పెద్దల్లో చాలామందికి కామెర్లు వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు వస్తుంది.

చాలామందిలో అసలు ఏ లక్షణమూ కనిపించదు. పెద్దయ్యాక సోకితే నూటికి అయిదుగురి కన్నా తక్కువమందిలోనే వైరస్ ఉండిపోతుంది. పసితనంలో సోకితే దాదాపు 95 మందిలో ఉండిపోతుంది. అలా ఉండిపోయిన వైరస్ ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా సిర్రోసిస్‌కో, కాలేయ క్యాన్సర్‌కో దారితీయవచ్చు. పొట్టలో నీరు, రక్తపు వాంతులు, మతి తప్పడం కనిపించాయంటే కాలేయం బాగా దెబ్బతిన్నట్టే. క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కాబట్టి లక్షణాల కోసం ఎదురుచూడకుండా హెచ్‌బీఎస్‌ఏజీ రక్తపరీక్ష చేయించుకోవాలి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. వైరస్ లేదని తేలితే టీకా మూడు డోసులు వేయించుకోవాలి: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.

ఈ టీకా ఎవరి దయా కాదు. ఆసుపత్రి వ్యర్థాలను ముట్టుకునే ప్రతి కార్మికుడికీ, కార్మికురాలికీ హెపటైటిస్ బి టీకా వేయించే బాధ్యత 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆసుపత్రిదే. కాంట్రాక్టు కార్మికులన్న సాకు చెల్లదు. అందుకే కార్మికులను కలిసినప్పుడు మేము మొదట అడిగేది టీకా కార్డు. విద్యార్థి, కార్మిక సంఘాలు కూడా అదే అడగాలి.

సూది గుచ్చుకుంటే ఆ చోటును నొక్కకుండా సబ్బు, ధార నీళ్లతో కడగాలి. ప్రమాదాన్ని రిజిస్టరులో రాయించాలి. వీలైనంత త్వరగా, 24 గంటల్లోపే డాక్టరును కలవాలి. టీకా పడనివాళ్లకు అప్పటికప్పుడు టీకా, ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి ఉంటుంది.

చివరగా ఒక మాట. కలిసి తింటే, ఒకే గ్లాసులో తాగితే, చెయ్యి కలిపితే ఈ జబ్బు అంటదు. కులం పేరుతో వెలివేతను చవిచూసినవాళ్లకు జబ్బు పేరుతో ఇంకో వెలివేత రాకుండా చూడటం కూడా మన పనే.