ఖాళీగా ఉన్నప్పుడే ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవుతోందా? మదర్‌బోర్డు మార్చే ముందు ఇవి చూసుకోండి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లలో ఇప్పుడు చాలామంది ఉబుంటు, మింట్ లాంటి లైనక్స్ వేసుకుంటున్నారు. అన్న వాడి వదిలేసిన మెషీన్ తమ్ముడి చదువుకు పనికొస్తుంది. ఖర్చు లేదు, మెషీన్ కూడా చురుగ్గా నడుస్తుంది.

అయితే కొన్ని ల్యాప్‌టాప్‌లు ఒక వింత ఇబ్బంది పెడతాయి. వీడియో చూసినా, పెద్ద ఫైల్ కాపీ చేసినా ఏమీ కాదు. ఏ పనీ చెప్పకుండా పది నిమిషాలు పక్కన పెడితే మాత్రం స్క్రీన్ అలాగే నిలిచిపోతుంది. మౌస్ కదలదు, క్యాప్స్ లాక్ లైటు వెలగదు. పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని ఆపేయడం తప్ప దారి ఉండదు. సేవ్ చేయని ప్రాజెక్టు పోయినట్టే. షాపుకు తీసుకెళ్తే "మదర్‌బోర్డు పోయింది" అనే మాట వినాల్సి రావచ్చు. నిజంగా పోయి ఉండొచ్చు కూడా. కానీ చాలాసార్లు అసలు కారణం ప్రాసెసర్ "నిద్ర"లో ఉంటుంది. దాన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు.

ప్రాసెసర్ నిద్ర అంటే?

మనం టైప్ చేస్తున్నప్పుడు కూడా ఒక్కో అక్షరానికీ మధ్య ప్రాసెసర్‌కు పని ఉండదు. ఆ కాస్త ఖాళీలోనే అది కునుకు తీస్తుంది. ఈ స్థితులనే సీ-స్టేట్‌లు అంటారు. సీ0 అంటే పని చేస్తున్నట్టు. సీ1 అంటే కాసేపు ఆగినట్టు, పిలిస్తే వెంటనే లేస్తుంది. సీ6, సీ7 గాఢ నిద్రలు. వీటిలో కోర్‌కు కరెంటు దాదాపు పూర్తిగా కట్ అవుతుంది. నిద్ర ఎంత లోతుగా ఉంటే బ్యాటరీ అంత మిగులుతుంది, లేవడానికి అంత ఎక్కువ సమయం పడుతుంది.

ఎప్పుడు ఎంత లోతుకు వెళ్లాలో లైనక్స్ కెర్నెల్ అంచనా వేస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ పనికి 2010 నుంచి ఇంటెల్_ఐడిల్ అనే ప్రత్యేక డ్రైవర్ ఉంది. గాఢ నిద్ర నుంచి లేచే చోట హార్డ్‌వేర్‌లో గానీ, డ్రైవర్‌లో గానీ లోపం ఉంటే మెషీన్ ఇక లేవదు. పని చేస్తున్నంతసేపు బాగుండి, ఊరికే ఉన్నప్పుడు హ్యాంగ్ అవడం అందుకే.

బే ట్రైల్ కథ

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఇంటెల్ బే ట్రైల్ ప్రాసెసర్లు. సెలెరాన్ ఎన్2840, పెంటియం ఎన్3540, ఆటమ్ జెడ్3735ఎఫ్ ఈ కుటుంబానివే. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో, టాబ్లెట్‌లలో ఇవి విరివిగా వచ్చాయి. వీటిపై లైనక్స్ హఠాత్తుగా హ్యాంగ్ అవుతోందని 2015లో కెర్నెల్ బగ్‌జిల్లాలో 109051 నంబరుతో ఫిర్యాదు నమోదైంది. అదే బాధ పడుతున్న వాళ్లు పెద్ద సంఖ్యలో అక్కడ చేరారు. ప్రాసెసర్‌ను సీ1 దాటి లోతుకు వెళ్లనివ్వకపోతే హ్యాంగ్‌లు ఆగుతున్నాయని తేలింది. తర్వాత వచ్చిన కెర్నెల్‌లలో పరిస్థితి మెరుగుపడింది. అందుకే ముందుగా కెర్నెల్‌నూ, బయోస్‌నూ అప్‌డేట్ చేసుకోవాలి. సమస్య అంతటితో తీరిపోతే మిగతా తంటా అక్కర్లేదు.

ముందు ఏం చూసుకోవాలి?

హ్యాంగ్ అయిన ప్రతిసారీ నిద్రనే అనుమానించకూడదు. ర్యామ్ చెడినా ఇలాగే అవుతుంది కాబట్టి మెమ్‌టెస్ట్86+ ఒక రాత్రంతా నడిపి చూడండి. తర్వాత టెర్మినల్‌లో జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కు మైనస్ బి, మైనస్ 1 జోడించి, అంతకు ముందు బూట్‌లో ఏం జరిగిందో చదవండి. డిస్క్ ఎర్రర్లు, వేడి ఎక్కువైన హెచ్చరికలు కనిపిస్తే దారి వేరే. ఏ ఎర్రరూ లేకుండా లాగ్ మధ్యలోనే తెగిపోతే, అదీ మెషీన్ ఊరికే ఉన్న సమయంలోనే అయితే, నిద్రపై అనుమానం బలపడుతుంది.

ఒక్క బూట్‌కు మాత్రమే పరీక్ష

ఏ ఫైలూ శాశ్వతంగా మార్చకుండానే ఈ పరీక్ష చేయొచ్చు. మెషీన్ ఆన్ అవుతుండగా ఎస్కేప్ నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. కొన్ని పాత మెషీన్లలో షిఫ్ట్ పట్టుకోవాలి. మొదటి వరుసపై ఉండి కీబోర్డులో ఇ అక్షరం నొక్కండి. లైనక్స్ అనే పదంతో మొదలయ్యే పొడవైన లైను చివరకు వెళ్లి, ఒక స్పేస్ ఇచ్చి ఈ మాట చేర్చండి:

ఇంటెల్_ఐడిల్.మ్యాక్స్_సీస్టేట్=1

దీన్ని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఎక్కడా ఖాళీ లేకుండా టైప్ చేయాలి. "సీస్టేట్" అంటే సి అక్షరం, దాని పక్కనే స్టేట్. తర్వాత ఎఫ్10 నొక్కితే బూట్ అవుతుంది. ప్రాక్ ఫోల్డర్‌లోని సీఎండీలైన్ ఫైల్ తెరిస్తే మీరు చేర్చిన మాట కనిపించాలి. కనిపించకపోతే టైపింగ్‌లో తప్పు జరిగినట్టు.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌ను ఛార్జర్‌పై పెట్టి, ఎప్పుడూ హ్యాంగ్ అయ్యే పద్ధతిలోనే ఊరికే వదిలేయండి. ఒక్క గంట బాగుంటే సరిపోదు. రోజుకు ఒకసారి హ్యాంగ్ అయ్యే మెషీన్‌ను మూడు నాలుగు రోజులు చూడాలి. మధ్యలో రీస్టార్ట్ చేస్తే ఆ మాట మళ్లీ చేర్చాల్సిందే. ఇంత చేసినా హ్యాంగ్ అవుతూనే ఉంటే తప్పు వేరే చోట ఉంది.

సున్నా పెడితే?

ఒకటికి బదులు సున్నా పెడితే నిద్ర పూర్తిగా ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సున్నా అంటే ఇంటెల్_ఐడిల్ డ్రైవర్ పక్కకు తప్పుకుంటుంది. దాని స్థానంలో ఏసీపీఐ డ్రైవర్ వచ్చి, బయోస్ చెప్పిన లోతుకు ప్రాసెసర్‌ను నిద్రపుచ్చుతుంది. పరీక్ష అక్కడే తారుమారవుతుంది. ఏఎండీ ప్రాసెసర్లకు కూడా ఈ ఇంటెల్ మాట పని చేయదు. వాటికి ప్రాసెసర్.మ్యాక్స్_సీస్టేట్ అనేది వాడాలి.

మందు పనిచేసింది, మరి ఖరీదు?

సీ1 దగ్గరే ఆపితే హ్యాంగ్ తప్పుతుంది గానీ బ్యాటరీ త్వరగా అయిపోతుంది, మెషీన్ కాస్త వేడెక్కుతుంది. మూత వేసి బ్యాగులో పెట్టేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మూత మూసినప్పటి స్లీప్ కూడా ఈ గాఢ నిద్రల మీదే ఆధారపడుతుంది. అలాంటి మెషీన్లు బ్యాగులోనే బ్యాటరీ తాగేస్తాయి. వాటిని షట్‌డౌన్ చేయడమే మంచిది.

బే ట్రైల్ ఉన్నవాళ్లకు మధ్యేమార్గం ఒకటుంది. నిద్రలన్నీ ఆపకుండా సీ6 రకాలను మాత్రమే ఆపి, సీ7ను ఉంచడం. కొందరు వాడకందార్లకు ఇది సరిపోయింది. ప్రతి కోర్‌కూ సీపీయూఐడిల్ అనే ఫోల్డర్‌లో ఒక్కో నిద్రకు ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. నేమ్ ఫైల్‌లో దాని పేరు, డిసేబుల్ ఫైల్‌లో సున్నా ఉంటాయి. రూట్ అధికారంతో ఆ సున్నాను 1 చేస్తే ఆ నిద్ర ఆగిపోతుంది. అన్ని కోర్లకూ చేయాలి. రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది కాబట్టి ప్రయోగానికి భయం లేదు.

పరీక్షలో గెలిచిన మాటను శాశ్వతం చేయాలంటే, ఈటీసీలోని డీఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైల్‌లో, క్వైట్ స్ప్లాష్ అనే మాటల తర్వాత, కొటేషన్ గుర్తుల లోపలే చేర్చాలి. ఉబుంటు, మింట్‌లలో ఆ తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్ నడపాలి. ఫైల్‌ను ముట్టుకునే ముందు దాని కాపీ ఒకటి దాచుకోండి.

నిద్రే పట్టకపోతే?

కొన్ని ల్యాప్‌టాప్‌లది దీనికి వ్యతిరేకమైన బాధ. హ్యాంగ్ కావు, కానీ ఊరికే ఉన్నా బ్యాటరీ దిగిపోతుంది. దీనికి ఇంటెల్ 2007లో విడుదల చేసిన పవర్‌టాప్ అనే ఉచిత సాధనం ఉంది. ఛార్జర్ తీసి, సుడోతో నడిపి, ఐడిల్ స్టాట్స్ పేజీ చూడండి. కోర్లు లోతుకు వెళ్తున్నా ప్యాకేజీ వరుసలో లోతైన నిద్రల దగ్గర సున్నా ఉంటే, ఏదో ఒక పరికరం మొత్తం చిప్‌ను మేలుకొలిపి ఉంచుతున్నట్టు. ఎక్కువసార్లు సాటా డిస్క్ లింకో, యూఎస్‌బీ పరికరమో కారణమవుతుంది. ట్యూనబుల్స్ పేజీలో "బ్యాడ్" అని ఉన్నవాటిని ఒక్కొక్కటిగా మార్చి ఫలితం చూడాలి. అన్నీ ఒకేసారి మారిస్తే మౌస్ మొరాయించినప్పుడు కారణం ఏదో తెలియదు. డిస్క్ విషయంలో అన్నిటికంటే ఎక్కువ పొదుపు చేసే మిన్_పవర్ కొన్ని డిస్క్‌లలో డేటాను పాడు చేయగలదు, జాగ్రత్త. 2018లో వచ్చిన ఫెడోరా 28 అందుకే దానికంటే భద్రమైన మధ్యస్థ సెట్టింగును ఎంచుకుంది.

ఏ మార్పు చేసినా ముందు పిల్లల సర్టిఫికెట్లు, ఫొటోలు, ప్రాజెక్టులు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, తేదీతో సహా కాగితం మీద రాసుకోండి. చివరకు షాపుకే వెళ్లాల్సి వచ్చినా, "సీ1 దగ్గర ఆపి నాలుగు రోజులు చూశాం, ర్యామ్ పరీక్షా అయింది" అని చెప్పగలిగితే, అనవసరంగా బోర్డు మార్చే ఖర్చు తప్పే అవకాశం ఉంటుంది.