మార్కు చూసే ముందు ప్రశ్నను చూడండి



ఘటక చాచణి పేపర్లు ఇచ్చిన రోజు ఒక తండ్రి నా దగ్గరికి వచ్చారు. "సార్, మావోడికి పోయినసారి 20కి 14 అచ్చినయి, ఈసారి 11. చదువుల ఎన్కబడ్డడా?" అని అడిగారు. రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి చూశాం. రెండో పేపరు గట్టిగా ఉంది. తరగతిలో చాలామందికి మార్కులు తగ్గాయి. పిల్లవాడు వెనకబడలేదు, ప్రశ్నలు కఠినమయ్యాయి. ఇది అందరికీ తెలియాలని రాస్తున్నాను.

మైదానంలో ఎత్తు దూకే పోటీ గుర్తు తెచ్చుకోండి. "మా బాబు మూడుసార్లు దాటిండు" అంటే సరిపోదు. కర్ర ఎంత ఎత్తులో ఉంది అని అడుగుతాం కదా! మార్కులు కూడా అంతే. అందులో పిల్లల సామర్థ్యం, ప్రశ్న కఠినత రెండూ కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీసి, ఒకే స్కేలు మీద కొలిచే లెక్కల పద్ధతిని ఐటెమ్ రెస్పాన్స్ థియరీ అంటారు. ఐటెమ్ అంటే ఇక్కడ ఒక్కొక్క ప్రశ్న. ఇందులో అన్నిటికంటే సులువైన నమూనాను డెన్మార్క్ గణితవేత్త జార్జ్ రాష్ 1960లో పుస్తకంగా ప్రచురించారు.

ఆయన లెక్క ఇలా ఉంటుంది. సామర్థ్యం, కఠినత సమానంగా ఉంటే సరైన జవాబు వచ్చే అవకాశం 50 శాతం. సామర్థ్యం ఒక మెట్టు ఎక్కువైతే దాదాపు 73 శాతం, రెండు మెట్లు ఎక్కువైతే 88 శాతం. ఒక మెట్టు తక్కువైతే 27 శాతం. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలో ఏమీ తెలియకుండా గుడ్డిగా గీత పెట్టినా 25 శాతం అవకాశం ఉంటుంది. తర్వాత వచ్చిన నమూనాలు ఈ ఊహను కూడా లెక్కలోకి తీసుకుంటాయి.

మన దేశంలో కూడా ఈ పద్ధతి వాడుతున్నారు. 2021 నవంబరు 12న 3, 5, 8, 10 తరగతులకు 22 మాధ్యమాల్లో జాతీయ సాధన సర్వే (నాస్) జరిగింది. అందులో 3వ తరగతి భాషలో దేశ సగటు 500 స్కేలు మీద 323. అంటే పిల్లలు 323 మార్కులు తెచ్చుకున్నారని కాదు. ప్రశ్నల కఠినతను లెక్కగట్టి, స్కేలు మీదికి మార్చిన కొలత అది.

మన తెలుగు మాధ్యమం పిల్లలకు ఇందులో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. స్కాలర్‌షిప్ పరీక్షలో బుద్ధిమత్తా చాచణి ఉంటుంది కదా. అలాంటి పేపరులో "'ఏ' అక్షరం తర్వాత వచ్చే రెండో అక్షరం రాయండి" అన్న ప్రశ్న ఉందనుకుందాం. సంప్రదాయ మరాఠీ వర్ణమాలలో ఏ, ఐ, ఓ అని వస్తాయి కాబట్టి జవాబు 'ఓ'. తెలుగులో ఏ, ఐ, ఒ అని వస్తాయి కాబట్టి జవాబు 'ఒ'. మరాఠీ ప్రశ్నను చూసుకోకుండా తెలుగులోకి దించి, జవాబు పట్టిక మాత్రం అదే ఉంచితే, సరిగా రాసిన మన పిల్లకే సున్నా పడుతుంది! అక్కడ తక్కువైంది బుద్ధి కాదు, తప్పు ప్రశ్నది.

ఇలాంటి ప్రశ్నను పట్టుకునే పద్ధతి ఉంది. మొత్తం మీద సమాన సామర్థ్యం ఉన్న మరాఠీ, తెలుగు మాధ్యమాల పిల్లలను తీసుకుంటారు. ఒక్కొక్క ప్రశ్నలో ఎంతమంది సరిగా రాశారో పోలుస్తారు. మిగతా ప్రశ్నల్లో సమానంగా ఉన్నవాళ్లు ఒక్కదాంట్లోనే బాగా విడిపోతే, ఆ ప్రశ్నను అనుమానించి మళ్లీ చూస్తారు. భాష వల్లనే తేడా వచ్చిందని తేలితే సరిచేస్తారు, లేదా తీసేస్తారు.

ఈ లెక్కలు నమ్మకంగా రావాలంటే వందల మంది జవాబులు కావాలి. మన చిన్న తరగతుల్లో అది కుదరదు. కానీ వేళ్ల మీద లెక్కపెట్టే పని చేయవచ్చు. వచ్చే చాచణి నుంచి ప్రతి ప్రశ్నకు ఎంతమంది సరిగా రాశారో తరగతి ఉపాధ్యాయులు పట్టిక వేస్తారు. 30 మందిలో 4గురే రాశారంటే, పిల్లలను తిట్టే ముందు ప్రశ్ననూ మా బోధననూ మేమే పరిశీలించుకుంటాం.

పిల్లలూ, ప్రశ్న అర్థం కాకపోతే, తెలుగు మాట వింతగా అనిపిస్తే, దాని నంబరు రాసుకొచ్చి మాకు చెప్పండి.

తల్లిదండ్రులారా, పాలక సభకు వచ్చేటప్పుడు మార్కుల కార్డుతో పాటు పేపరు కూడా తీసుకురండి. "ఎన్ని వచ్చినయి?" అనే ముందు "ఏవి రాలేదు, ఎందుకు రాలేదు?" అని అడుగుదాం.

మీ
ప్రధానోపాధ్యాయుడు