బావ పంపిన వరద వీడియో రెండు రోజులు ఎందుకు తిరిగింది? ఫోన్‌లో వీడియో, ఫోటో సైజు వెనక ఉన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ కథ

ఈ ఎపిసోడ్ చేయమని చాలామంది అడుగుతున్నారు, నేనే వాయిదా వేస్తూ వచ్చా. ఎందుకంటే దీన్ని మా ఇంటి సంగతితో మొదలుపెట్టాలి.

2022 జులై 16. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986లో 75.6 అడుగులు వచ్చిందని మా నాన్న చెప్తుంటే వినడమే తప్ప, అంత నీళ్లు మా తరం చూడలేదు. మాది బూర్గంపాడు వైపు. అమ్మానాన్న ముందురోజే పునరావాస కేంద్రానికి వెళ్లిపోయారు. నేను హైదరాబాద్‌లో, ఉద్యోగంలో. మా బావ ఒక్కడే ఊళ్లో ఎవరిదో మేడ మీద ఉండి, మా ఇంటివైపు ఫోన్ పెట్టి వీడియో తీశాడు. "పంపిచ్చిన, చూడు" అన్నాడు. కాల్ కట్ అయింది.

ఇక్కడ నా ఫోన్‌లో ఆ గుండ్రటి గీత తిరుగుతూనే ఉంది. నాన్న గంటకోసారి ఫోన్ చేసి ఒకటే మాట, "ఇల్లు ఉందా?" నా దగ్గర జవాబు లేదు. వీడియో వచ్చేసరికి రెండు రోజులైంది. నీళ్లు కిటికీ పైదాకా ఉన్నాయి, ఇల్లు నిలబడే ఉంది.

తర్వాత ఆ ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశా. నిమిషం ఇరవై సెకన్లు, 170 ఎంబీ. నాకు కావాల్సిన సమాచారం "కిటికీ దాకా" అనే రెండు మాటలు! అయినా బావ తప్పేం లేదు, సిగ్నల్‌ది కూడా పూర్తిగా తప్పు కాదు. అసలు ఆ 170 ఎంబీ ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

ఒక లెక్క చేద్దాం. మామూలు ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ అంటే 1920 చుక్కలు అడ్డంగా, 1080 నిలువుగా. మొత్తం 20 లక్షల పైచిలుకు చుక్కలు. ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి 3 బైట్లు. సెకనుకి 30 ఫ్రేములు. గుణిస్తే సెకనుకి దాదాపు 187 ఎంబీ. మీ రోజు డేటా 1.5 జీబీ అనుకోండి, ఎనిమిది సెకన్లలో ఖాళీ. నిమిషం వీడియో 11 జీబీ దాటుతుంది. అంటే బావ పంపిన 170 ఎంబీ కూడా అప్పటికే బాగా కుదించి, నొక్కి, మడతపెట్టిన ఫైలే.

ఆ మడతపెట్టే పనిని చేసేదాన్ని ఎన్‌కోడర్ అంటాం. విప్పేది డీకోడర్. హెచ్.264, ఏవీ1 అని వింటుంటారే, అవి ఫార్మాట్లు. ఇక్కడ చాలామంది తికమకపడతారు. ఫార్మాట్ అంటే వ్యాకరణం లాంటిది, ఎన్‌కోడర్ అంటే రాసే మనిషి. ఒకే తెలుగులో ఒకడు పది పేజీలు రాస్తాడు, ఇంకొకడు అదే విషయం అరపేజీలో చెప్తాడు. మీ ఫోన్ చిప్‌లో ఉన్న ఎన్‌కోడర్ మొదటి రకం. వీడియో తీస్తుండగానే, బ్యాటరీ తినకుండా గబగబా రాసేయాలి కదా, ఆలోచించే టైం ఉండదు. అదే హెచ్.264ని ఎక్స్264 అనే ఓపెన్ సోర్స్ ఎన్‌కోడర్ తీరిగ్గా రాస్తే, చాలా తక్కువ సైజులో అదే బొమ్మ వస్తుంది.

మడతపెట్టడం ఎట్లాగో చూద్దాం. శ్రీరామనవమికి భద్రాచలం మిథిలా స్టేడియం నుంచి కల్యాణం లైవ్ చూసే ఉంటారు. మండపం కదలదు. వెనక పూల అలంకరణ కదలదు. అర్చకుల చేతులు మాత్రమే కదులుతాయి. ఎన్‌కోడర్ ఏం చేస్తుందంటే, మొదట ఒక పూర్తి ఫ్రేమ్ రాసుకుంటుంది. తర్వాతి ఫ్రేముల్లో బొమ్మని చిన్న చిన్న గళ్లుగా కోసి, "ఈ గడి ఇందాకటిదే", "ఈ గడి నాలుగు చుక్కలు కుడికి జరిగింది" అని రాస్తుంది. కొత్త బొమ్మ దాదాపు రాయదు, తేడా మాత్రమే రాస్తుంది. అందుకే కల్యాణం మొత్తం హాయిగా నడుస్తుంది.

సరిగ్గా ముత్యాల తలంబ్రాలు పోసే నిమిషంలో స్క్రీన్ గళ్లు గళ్లుగా చెదిరిపోవడం గమనించారా? నేను చిన్నప్పుడు టీవీ పాడైందనుకునేవాణ్ని. వేల బియ్యపు గింజలు, ఒక్కోటి ఒక్కో దిక్కు. "ఇందాకటిదే" అనే మాట ఎక్కడా పనికిరాదు. ప్రతి గడీ కొత్తగా రాయాలి. ఇచ్చిన డేటా సరిపోదు, బొమ్మ చెదురుతుంది.

మన ఏరియా వాళ్లకి ఇది ప్రత్యేకమైన కష్టం. కదిలే నీళ్లు, గాలికి ఊగే ఆకులు, వాన చినుకులు, ఈ మూడూ ఎన్‌కోడర్‌కి బద్ధ శత్రువులు. మాకేమో ఇటు గోదావరి, అటు చర్ల, దుమ్ముగూడెం దాకా అడవి! ఏసీ గదిలో గోడ ముందు కూర్చుని మాట్లాడేవాడి వీడియోకి, పాపికొండల బోటు వీడియోకి ఒకే సైజు ఇస్తే రెండోది పిండిపిండి అయిపోతుంది. బావ తీసింది ఏంటి? వానలో, వరద నీళ్లు. అంతకంటే కష్టమైన సీన్ ఉండదు. పైగా సిగ్నల్ అన్నింటికంటే బలహీనంగా ఉన్న రోజున.

ఇప్పుడు గడి లోపలికి వెళ్దాం, ఇక్కడ మనకి సంబంధించిన ఒక పేరు ఉంది. జేపెగ్ ఫోటోలో ఒక గడి అంటే 8 బై 8, 64 చుక్కలు. ఆ 64 అంకెల్ని ఒక లెక్కలోంచి పంపితే, ముఖ్యమైనవన్నీ ఒక మూలకి చేరతాయి, మిగతావి చాలావరకు సున్నాకి దగ్గరగా వస్తాయి. మన కన్ను పట్టించుకోని ఆ చిన్న అంకెల్ని కొట్టిపారేస్తే సైజు పడిపోతుంది. ఆ లెక్క పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, డీసీటీ. 1974లో పేపర్ వచ్చింది. రాసింది ముగ్గురు: నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. రావు గారి పూర్తిపేరు కామిశెట్టి రామమోహన రావు. ఆ ఇంటిపేరు వినగానే మీకూ నాలాగే "అరె, మనోళ్లే" అనిపించిందా? మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లి, టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో దశాబ్దాలు పాఠాలు చెప్పారు. 2021 జనవరిలో పోయారు. అసలు ఆలోచన బెంగళూరులో పుట్టిన అహ్మద్ గారిది. దీనిమీద పరిశోధనకి డబ్బులివ్వమని 1972లో అమెరికా ప్రభుత్వ సంస్థని అడిగితే ఇవ్వలేదు, మరీ సింపుల్‌గా ఉందనుకున్నారట. ఈరోజు జేపెగ్, హెచ్.264, ఏవీ1, అన్నింట్లోనూ ఆ సింపుల్ లెక్కో, దాని తమ్ముడో ఉంది. నా బీటెక్ నాలుగేళ్లలో డీసీటీ ఫార్ములా బట్టీ పట్టాను కానీ ఈ పేరు ఒక్కసారీ వినలేదు.

ఇక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎందుకు ముఖ్యమో చెప్తా. హెచ్.264 2003లో వచ్చింది, దాని మీద పేటెంట్లు ఉన్నాయి. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ ఇంకా బాగా కుదిస్తుంది కానీ, పేటెంట్ ఫీజులు వసూలు చేసే గుంపులు ఒకటి కాదు, మూడు తయారయ్యాయి. ఎవరికి ఎంత కట్టాలో పెద్ద కంపెనీలకే అర్థం కాలేదు. విసిగిపోయి 2015లో గూగుల్, మొజిల్లా, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్, మైక్రోసాఫ్ట్, ఇంటెల్, సిస్కో కలిసి ఒక కూటమి పెట్టుకున్నాయి. రాయల్టీ లేని ఏవీ1 2018లో వచ్చింది. నీతి కోసం చేశారని నేననను, వాళ్ల బిల్లు తగ్గించుకోవడానికే చేశారు. లాభం మనకీ వచ్చింది, అంతే.

ఏవీ1కి ఎన్‌కోడర్లు చాలా ఉన్నాయి. ఇంటెల్, నెట్‌ఫ్లిక్స్ మొదలుపెట్టిన ఎస్‌వీటీ-ఏవీ1 ఇప్పుడు నేను వాడేది. విప్పడానికి డావ్1డి అనే లైబ్రరీ ఉంది, డేవిడ్ అని పలకాలి. వీఎల్‌సీ ప్లేయర్ వెనక ఉన్న వీడియోలాన్ వాళ్లది. ఏవీ1 హార్డ్‌వేర్ లేని తక్కువ ధర ఫోన్లలో కూడా వీడియో ఆగకుండా ఆడాలని చాలా భాగం అసెంబ్లీలో చేత్తో రాశారు. 2024లో ఆండ్రాయిడ్ కూడా దీన్ని తీసుకుంది. మన దేశం వాటా కూడా తక్కువేం కాదు. హెచ్‌ఈవీసీకి ఎక్స్265 అనే ఎన్‌కోడర్ నడిపే మల్టీకోర్‌వేర్‌కి చెన్నైలో టీమ్ ఉంది. ఆండ్రాయిడ్‌లో హెచ్‌ఈవీసీ విప్పే ఓపెన్ సోర్స్ లైబ్రరీ బెంగళూరు ఇట్టియమ్ సిస్టమ్స్ రాసింది.

వీటన్నింటినీ ఒకచోట కలిపేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. 2000లో మొదలైంది, ఎక్కువగా వాలంటీర్ల పని. ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ ఉంటే అందులో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. కమాండ్ డిస్క్రిప్షన్‌లో పెట్టా. ల్యాప్‌టాప్ ఉంటే హ్యాండ్‌బ్రేక్ సులువు.

అందులో ముఖ్యమైన మీట ఒకటే, సీఆర్‌ఎఫ్. "ఇంత సైజు కావాలి" అని కాకుండా "ఇంత నాణ్యత చాలు" అని చెప్పడం. ఎక్స్264లో 0 నుంచి 51 దాకా ఉంటుంది, మామూలుగా 23. ఆరు పెంచితే సైజు దాదాపు సగానికి పడుతుంది. బావ వీడియోని నేను 480కి తగ్గించి, సీఆర్‌ఎఫ్ 30 పెట్టి, వాన మరకలు కొంచెం తుడిచే ఫిల్టర్ వేసి చేశా. అసలు ఫైల్‌లో పదో వంతు కూడా లేదు. కిటికీ కనబడుతోంది, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో కనబడుతోంది. అలలు మాత్రం మసక. నాన్నకి అలలతో పనేముంది?

మరి ఏవీ1లో ఎందుకు చేయలేదు? ఇంకా చిన్నదయ్యేది నిజమే. కానీ ఫోన్‌లో ఎన్‌కోడ్ చేయడానికి చాలాసేపు పడుతుంది, ఫోన్ కాలిపోతుంది, కరెంటు లేని రోజున అంత ఛార్జింగ్ ఎక్కడిది? అవతల పునరావాస కేంద్రంలో ఉన్న పాత ఫోన్‌లో తెరుచుకుంటుందన్న గ్యారంటీ లేదు. కొత్తదే గొప్పదని నేను ఒప్పుకోను. చుట్టాలకి పంపేటప్పుడు హెచ్.264. యూట్యూబ్ లాంటిచోట, ఒకసారి కుదిస్తే లక్షమంది చూసేచోట, ఏవీ1.

ఫోటోల గురించి త్వరగా చెప్పేస్తా, మీలో చాలామందికి రోజూ అవసరం ఇది. ఉద్యోగం అప్లికేషన్‌లో "ఫోటో 50 కేబీ లోపు, సంతకం 20 కేబీ లోపు" అని అడుగుతారు కదా. వెంటనే ఏం చేస్తాం? సెర్చ్ చేసి, మొదట వచ్చిన సైట్‌లో ఫోటో, సంతకం, ఒక్కోసారి ఆధార్ కూడా ఎక్కించేస్తాం. అది ఎవరి కంప్యూటర్‌కి వెళ్లిందో మీకు తెలుసా? నేనూ డిగ్రీ సర్టిఫికెట్లు అట్లాగే ఎక్కించినవాణ్నే. స్క్వూష్ అని ఒక ఓపెన్ సోర్స్ వెబ్ యాప్ ఉంది, గూగుల్ క్రోమ్ టీమ్ వాళ్లది. పని మొత్తం మీ బ్రౌజర్‌లోనే జరుగుతుంది, ఫోటో ఫోన్ దాటి పోదు. అందులో మోజ్‌జేపెగ్ ఎంచుకోండి. 1992 నాటి అదే జేపెగ్‌ని ఇంకా పొదుపుగా రాసే ఎన్‌కోడర్ అది, ఏ పోర్టల్ అయినా తీసుకుంటుంది. ముందు కొలతలు తగ్గించండి, తర్వాతే క్వాలిటీ. నాలుగువేల చుక్కల వెడల్పు ఉంచి క్వాలిటీ పదికి దించితే మీ మొహం మీరే గుర్తుపట్టలేరు. వెబ్‌పీ, అవిఫ్ ఇంకా చిన్నగా వస్తాయి కానీ ఆ పోర్టళ్లు తీసుకోవు.

వెబ్‌పీ అంటే గుర్తొచ్చింది. 2023 సెప్టెంబర్‌లో ఆ లైబ్రరీలో ఒక పెద్ద లోపం బయటపడింది. ఒక్క ఫోటో చాలు, దాంతో దాడి చేయొచ్చు. ఆ ఒక్క లైబ్రరీ వాడే బ్రౌజర్లు, యాప్‌లు అన్నీ హడావుడిగా అప్‌డేట్ ఇచ్చాయి. అప్‌డేట్ నోటిఫికేషన్ వస్తే "తర్వాత" నొక్కే అలవాటు ఉన్నవాళ్లు, ఇది మీకే.

మా బావకి టెర్మక్స్ నేర్పిద్దామని చూశా. "నాకెందుకురా ఇదంతా" అన్నాడు. సరే అని ఆయన కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి 720కి మార్చి, వరద రోజుల్లో పదిహేను సెకన్లకు మించి తీయొద్దని, ఫోన్ కదపకుండా గోడకి ఆనించి తీయమని చెప్పా. కెమెరా కదిలితే ప్రతి గడీ జరిగినట్టే కదా, సైజు పెరిగిపోతుంది. మొన్న జులైలో వాగు పొంగినప్పుడు పంపాడు. పన్నెండు సెకన్లు. వెంటనే వచ్చింది. అందులో సగం బావ వేలే అడ్డం ఉంది, అది వేరే సంగతి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆడియో, ఓపస్ గురించి. కమాండ్ పనిచేయకపోతే మీ ఫోన్ మోడల్ కామెంట్‌లో రాయండి, చూస్తా.