ఆలుచిప్పయు, కొర్రమట్టయు

అమెరికాలోని లాస్ వేగస్ నగరమున కాసినోలనబడు జూదశాలలలో ఆలుచిప్పల నమ్ము బల్లలు కలవు. మంచుముక్కలపై పరచిన చిప్పలను అప్పటికప్పుడు కత్తితో విప్పి, నిమ్మరసము పిండి, పచ్చిగనే భుజింతురు. గోదావరిఖనిలో కాసినోలు లేవు, సముద్రము దూరము. అయినను ఈ వేడుకలోని కిటుకు మన చేపల అంగడికి క్రొత్త కాదు.

ఆలుచిప్ప తన గుల్లను బిగించి, లోని తడితో ఒడ్డునను కొన్నాళ్లు బ్రతుకును. తట్టినను మూసుకొననిదానిని పారవేయుదురు. 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపగా ప్రకటింపబడిన కొర్రమట్ట గాలిని పీల్చగలదు గనుక, తొట్టిలో ప్రాణముతోనే మన కన్నులయెదుటికి వచ్చును. బ్రతికియున్నది గనుక తాజాది యని కొనుచుందుము.

అయితే ఆలుచిప్ప విషయమున ఈ నమ్మకము చాలదు. అది సముద్రపు నీటిని వడగట్టి ఆహారము గ్రహించును. విబ్రియో వంటి సూక్ష్మజీవులు దాని శరీరమున నిలిచిపోవచ్చును. అందుచేత చిప్ప బ్రతికియున్నను వ్యాధి కలుగవచ్చును. కాలేయవ్యాధి గలవారికి ప్రాణాపాయము కూడను. నిమ్మరసము ఆ జీవులను చంపజాలదు, బాగుగా ఉడికించుటయే చంపును. విదేశములలో నున్న మన పిల్లలకు ఈ మాట తెలుపవలెనని మా కోరిక.

కొర్రమట్టకు మన యిండ్లలో చింతపండు పులుసు, మంట తప్పవు. గనిలో షిఫ్టు ముగించి వచ్చినవానికి వేడి యన్నముతో ఆ పులుసు ముందు ఏ మంచుపళ్లెమును నిలువదని మేమనుకొందుము.