కలివికోడి రాత్రిమేత

సముద్రతీరపు బురదనేలలలో మేయు పక్షులకు రాత్రి విశ్రాంతికాలమని పలువురు తలంతురు. అది సరి కాదు. వాని భోజనవేళను సూర్యునితోపాటు ఆటుపోటులును నిర్ణయించును. నీరు తీసి నేల బయటపడెనేని అర్ధరాత్రమందైనను అవి మేతకు దిగును. ఉల్లంకిజాతి పక్షులు ముక్కును బురదలో గ్రుచ్చి, ముక్కుకొనయందలి స్పర్శచేతనే పురుగును పట్టును. తీతువుజాతివి పెద్దకన్నుల బలిమిచే మసకవెలుతురులో నేలమీది కదలికను గనిపెట్టును.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల రైతులకు ఈ తీరపు ముచ్చట యెందుకని యడుగవచ్చును. ఈ పక్షుల గణమునకే చెందిన జ్ఞాతి యొకటి సముద్రమును విడిచి మన కడప జిల్లా చిట్టడవులలో కాపురమున్నది. అదియే కలివికోడి. కలివిపొదల నడుమ తిరుగుటచే దానికా పేరు వచ్చినది. రొమ్మున రెండు పట్టీలు, పెద్దకన్నులు దాని గుర్తులు. పగలు పొదలనీడ నణగియుండి, చీకటి పడిన పిమ్మట బయలుదేరి నేలపై పరుగులిడుచు చెదలు, చీమలు మొదలగువానిని తినును. ప్రొద్దు గ్రుంకిన ముప్పాతిక గంటకు కూయనారంభించి, కొలది నిమిషములకే యూరకుండును.

1848లో శాస్త్రలోకమున కెక్కిన ఈ పక్షికి జెర్డన్ అను ఆంగ్లవైద్యుని పేరు పెట్టిరి. 1900లో అనంతపురము సమీపమున గానవచ్చిన పిదప జాడ దొరకకపోవుటచే అది నశించినదనియే పండితులు నిశ్చయించిరి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారి భరత్ భూషణ్ మన జిల్లాలోని రెడ్డిపల్లి సమీపమున దానిని మరల గనుగొనిరి. పండితులకు లేని పక్షి పల్లెవారి కెన్నడును పోలేదు. వారు దానిని పేరుపెట్టి పిలుచుచునే యుండిరి. మన దేశపు విజ్ఞానము గ్రంథములందే గాక గొఱ్ఱెలకాపరుల నాలుకపైనను గలదనుట కింతకన్న నిదర్శన మేమి కావలయును?

1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. పిమ్మటి పరిశోధకులు మెత్తని మన్ను పఱచి, ఉదయమున అడుగుజాడలు చూచియు, తమంతట తామే చిత్రము తీయు కెమేరాల నమర్చియు ఈ పక్షి తిరుగు తావులను గుర్తించిరి. హెక్టారునకు 300 మొదలు 700 వఱకు పెద్దపొదలుండి, నడుమ నేల బయలుగానున్న చోట్లే దానికి హితమని తేలినది. పొదలన్నిటిని నఱకిన నీడ పోవును. దట్టముగా చెట్లు నాటిన పరుగిడుటకు చోటు పోవును.

కఱవుసీమకు నీరు ప్రాణము. కాలువలను కాదనువారము కాము. తెలుగుగంగ కాలువ ఈ పక్షి నివాసమున కడ్డమగునని వివాదము పుట్టినపుడు, సుప్రీంకోర్టు నియమించిన సంఘము విచారించిన మీదట కాలువ మార్గమునే మార్చిరి. నీటికిని పక్షికిని పొత్తు కుదురునని అందువలన ఋజువైనది.

ఇక మన కర్తవ్య మేమి? పొదలతో నిండిన నేలను పగటివేళ చూచి “బీడు” అని వ్రాయుట మనకు పరిపాటి. అచ్చట మేయునది రాత్రి మేయును. పగటి తనిఖీకి కానరాదు. కావున చిట్టడవిని చదును చేయించు భూస్వామియు, అనుమతి నిచ్చు అధికారియు ముందుగా సంజవేళ నచ్చట నిలిచి చెవియొగ్గి వినవలెను. కాపరులను పిలిచి యడుగవలెను. ఒక్కమాఱు పొదలు పెఱికినచో మరల పెరుగుటకు ఏండ్లు పట్టును. అంతలో పక్షి నిలువదు.